మొదటి హారన్‌కీ రెండో హారన్‌కీ మధ్య

12 నవంబర్ 2025, బుధవారం

బాత్రూం ఆంటీ.

కుప్పంలో ఆ పిల్లోళ్ళు నాకు పెట్టిన పేరు ఇదంట. ఈ పొద్దు చెవులారా విన్నా.

వాళ్ళు అన్నది అబద్ధం కూడా కాదు. కుప్పం బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు, దాని పైన పూల్ పార్లర్, టేబుల్ మీద బాల్స్‌ని కర్రతో గుంటల్లోకి కొట్టే ఆట ఉండే చోటు. రెండూ ప్రమీలమ్మవే. నేను ఆ మెట్లు మొదట ఎక్కింది బాత్రూంకే. మదనపల్లెలో పొద్దున ఏడుకి బండెక్కితే పుంగనూరు, పలమనేరు, వి.కోట అన్నీ దాటి కుప్పం చేరేసరికి పది దాటిపోతుంది. మగ కండక్టర్లకి యాడో ఒక గోడ దొరుకుతుంది. ఆడ కండక్టర్లం మేము ఏం చెయ్యాల? డ్యూటీ ఉన్న రోజు నీళ్ళు తాగడమే మానేసినా. డాక్టరమ్మ దగ్గర తిట్లు కూడా తిన్నా. పోయిన ఎండాకాలం ఇంక తట్టుకోలేక జిరాక్సు షాపులో అడిగితే, ప్రమీలమ్మ ఇంకో ప్రశ్న లేకుండా పైన తాళం చేతిలో పెట్టింది. కడిగిన బాత్రూం, లోపల గడియ, బకెట్టు నిండా నీళ్ళు. ఆ పొద్దు నేను ఏడ్చినా. నవ్వుకుంటే నవ్వుకోండి.

బయటికి వచ్చేటప్పుడు టేబుల్ మీద రంగు బాల్స్ కనపడినాయి. ఎవురూ లేరు కదా అని ఒకదాన్ని చేత్తో దొర్లించినా. వెనకాలే ప్రమీలమ్మ వచ్చింది. చేత్తో తోస్తే ఏం సుఖం, స్టిక్ పట్టుకో అనింది. అంతే. పట్టుకున్నది వదల్లేదు.

ఈ పొద్దు బాత్రూంలో ఉండా. బయట ధనుష్ అని ఇంజనీరింగ్ పిల్లోడు, వాడి ఫ్రెండ్సు. టేబుల్ ఖాళీయేనా అని ఒకడు అడిగితే, బాత్రూం ఆంటీ లోపల ఉండాది, వచ్చి నాలుగు బాల్స్ గోకి పోతుందిలే అన్నాడు ధనుష్. అందరూ పగలబడి నవ్వినారు.

బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో వెనక్కి సర్దేదాన్ని. తల దించుకోని వాళ్ళ పక్క నుంచి వచ్చేసినా. ఆ కోపమంతా తిరుగు ట్రిప్పులో పలమనేరు దగ్గర చిల్లర లేదన్న ఒక పెద్దాయన మీద చూపించినా. పాపం ఆయన.

రిపబ్లిక్ డేకి ప్రమీలమ్మ పార్లర్లో టోర్నమెంట్ పెడతాంది. కిందికి దిగేటప్పుడు నా పేరు రాసుకోమన్నా. కప్పు నాకు వద్దు. ఒక్క మ్యాచ్ గెలవాల. ఆ హాల్లో, ఆ పిల్లోళ్ళ ముందర, ఒక్కటంటే ఒక్కటి.

14 నవంబర్, శుక్రవారం

నాకుండే టైము ఇది: రోజు మార్చి రోజు డ్యూటీ. డ్యూటీ రోజు కుప్పంలో బండి అర్ధగంట ఆగుతుంది. దాంట్లోనే బాత్రూం, టీ, పూల్ అన్నీ.

ప్రమీలమ్మ ముందే చెప్పేసింది. అర్ధగంట ఉన్నోళ్ళు గేమ్ ఆడకూడదంట. గేమ్ ఆడితే బాల్స్ వెతుక్కోవడంలోనే పొద్దు పోతుంది. రోజుకి ఒక్క పని పెట్టుకో, ఆ ఒక్కటే మళ్ళీ మళ్ళీ చెయ్ అనింది. ఆమె మాట అంటే మాటే. మొగుడు పోయినాక రెండేండ్లుగా కింద జిరాక్సు, పైన పార్లర్ ఒక్కతే నడుపుతాంది, కాలేజీ పిల్లోళ్ళే ఆమెకి జడుస్తారు.

ఈ పొద్దు పని: వైట్ బాల్ ఇంకో బాల్‌ని కొట్టి ఉన్నచోటే ఆగాల. నాది ఆగదు. కొట్టిన బాల్ గుంటలోకి, అదే పాకెట్‌లోకి పోతే, దాని వెంట ఈమె కూడా! వైట్ బాల్ నాకు ఆడమనిషి మాదిరే తోస్తాంది. చెప్పిన మాట వినని ఆడమనిషి.

మొదటి హారన్ వచ్చేసింది. ఎంకటముని అన్న హారన్. మా డ్రైవరు. పుంగనూరాయన, జనవరి ఆఖరుకి రిటైరు. ఆయనకి రెండు హారన్ల పద్ధతి ఉండాది. మొదటిది పొడుగ్గా నొక్కి, చివర్లో చిన్న తోక తగిలిస్తాడు. జనం ఎక్కినారు, నీ పని ముగించుకో అని. తర్వాత ఒక టీ తాగేంత సేపటికి రెండు పొట్టి కూతలు. అంటే బండి కదల్తాంది, నువ్వు లేకపోయినా కదల్తాంది. మోకాళ్ళు అరిగిపోయినాయి కాబట్టి ఆయన మెట్లెక్కి పిలవలేడు. హారనే ఆయన నోరు.

18 నవంబర్, మంగళవారం

ఇంట్లో కూడా చెయ్యొచ్చు అని ప్రమీలమ్మ మొన్న ఒక ఉపాయం చెప్పింది. సీసాని పడుకోబెట్టి, దాని మూతిలోకి స్టిక్ పోనిచ్చి వెనక్కి లాగాల. అంచుకి తగలకూడదు. చెయ్యి తిన్నగా వస్తుందంట.

స్టిక్ యాడుంది? కర్టెను రాడ్డు పీకబోతే జగదీష్ ఆపినాడు. మా ఆయన నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గం నేస్తాడు. మేయ్, రాడ్డు వంకర, అది పట్టుకుంటే నీ ఆట కూడా వంకరే అన్నాడు. మరుసటి రోజు మగ్గం కర్ర ఒకటి నున్నగా చెక్కి, నూనె పూసి తెచ్చినాడు. నా కోసమా అంటే, లేదు పక్కింటామె కోసం అన్నాడు. ఇట్లాంటి మొగుణ్ణి ఏమనాల?

శ్రుతి తొమ్మిదో తరగతి. సీసా పట్టుకునే డ్యూటీ దానిది. అమ్మా ఎడమకి పోతాండావు, అమ్మా కుడికి పోతాండావు అని డ్రైవింగ్ స్కూల్ సారు మాదిరి ఒకటే అజమాయిషీ.

20 నవంబర్, గురువారం

సీసా పగిలింది. మేము ఆడేది కాదు, పక్కన నెయ్యి ఉండే సీసా. ఎవురూ నన్ను ఏమీ అనలేదు, అదే భయంగా ఉండాది.

28 నవంబర్, శుక్రవారం

ఆగింది! వైట్ బాల్ కొట్టిన చోట మేకు దిగినట్టు ఆగింది. మళ్ళీ కొట్టినా, మళ్ళీ ఆగింది. అరిచినా. కింద జిరాక్సు తీసుకుంటాండే వాళ్ళు పైకి చూసినారంట.

బస్సులో కూడా ఊరకే లేను. ఆడోళ్ళకి ఫ్రీ టికెట్ వచ్చినాక బండిలో కాలు పెట్టను సందు లేదు, ఐనా కళ్ళకి ఏం అడ్డం? ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి గీత గీసుకుంటా. ఈ తలకాయ వైట్ బాల్, ఆ తలకాయ ఎర్ర బాల్, డోరు పాకెట్. ఒక ముసలామె నన్ను చూసి కళ్ళు తిరుగుతాండాయా అమ్మా అని సీటు ఇయ్యబోయింది.

ఈ ఉద్యోగం నేను కోరుకున్నది కాదు. నాయన కండక్టరు, డ్యూటీలో ఉండగానే పోయినాడు, నాకు ఇచ్చినారు. పెండ్లి పెద్దోళ్ళు చేసినారు. ఏదీ చెడ్డగా లేదు, దేవుడి దయ. కానీ నా అంతట నేను ఇది నాకు కావాల అని పట్టుకున్నది ఆ స్టిక్కు ఒక్కటే.

6 డిసెంబర్, శనివారం

పుంగనూరు దాటినాక పంక్చర్. కుప్పంలో మిగిలింది పది నిమిషాలు కూడా లేదు. మెట్లు ఎక్కుతానే ఏడుపు మొహం పెట్టినా. ప్రమీలమ్మ ఒక్క బాల్ పెట్టింది, ఒక్క పాకెట్ చూపించింది. టైం తగ్గితే బాల్స్ తగ్గించు, తొందర పెంచొద్దు అనింది. అదొక్కటే కొట్టినా. దిగేటప్పుడు కడుపు నిండింది.

16 డిసెంబర్, మంగళవారం

ఎంకటముని అన్న ఈ పొద్దు లీవు. మోకాలి డాక్టరు దగ్గరికి పోయినాడు. రిలీఫ్ డ్రైవరుతో వచ్చినా.

బండి ఆగంగానే ఎప్పటి మాదిరి పార్లర్ దారి పట్టినా. బండ్ల టైములు రాసే స్టాండు కంట్రోలర్ సారు కిటికీలోంచి కేకేసినాడు, ట్రిప్పు షీటు మీద సంతకం ఎవురు పెట్టిస్తారమ్మా అని. పెట్టించుకోని వస్తే, పోయే ఊరి బోర్డు తిప్పలేదని జనం గోల. బోర్డు తిప్పితే, ఈ బండి పుంగనూరు పోతాదా, సీటు ఉండాదా, మూట యాడ పెట్టాల అని అడిగేవాళ్ళు. బాత్రూంకి పోయి వచ్చేసరికి రిలీఫ్ డ్రైవరు స్టార్ట్ చేసేసినాడు. స్టిక్ మొహం చూడలేదు.

ఇవన్నీ కండక్టరు పనులే. నా పనులే. ఇన్ని నెలలుగా ఎవురు చేస్తాండారు? కంట్రోలర్ సారే చెప్పినాడు. మీ పెద్దాయన యాడమ్మా, రోజూ కుంటుకుంటా షీటు తెచ్చేది ఆయనే కదా అన్నాడు. సంతకాలు అయినాక బండి దగ్గరే నిలబడి అందరికీ జవాబు చెప్తాడంట. ఆయన భార్య చౌడమ్మ పుంగనూరు స్టాండులో కిటికీలోంచి అందించే సంగటి క్యారియర్ కూడా స్టీరింగ్ ముందర కూర్చోనే తింటాడంట. రెస్టు రూములో నడుం వాల్చేది ఎప్పుడో మానేసినాడు.

నేనేమనుకున్నానంటే, కుప్పంలో పని తక్కువ అనుకున్నా. ఎంత మొద్దుని!

18 డిసెంబర్, గురువారం

పోట్లాడినా. అన్నతో. ఎవురు చెయ్యమన్నారు నిన్ను, ఆ మోకాళ్ళతో, నాకు ఒక్క మాట చెప్పకుండా అని స్టాండు అంతా వినేటట్టు అరిచినా.

ఆయన క్యారియర్ మూత మెల్లగా పెట్టినాడు. కింద టీ బంకు దగ్గర ఆ పిల్లోళ్ళు నన్ను ఏమని పిలుస్తాండారో ఆయన నాకంటే ముందే విన్నాడంట. రక్తం ఉడికిందంట. ఈ సర్వీసులో ఎంతమంది ఆడపిల్లలు నోరు ఎండబెట్టుకోని డ్యూటీ చేసినారో చూసినానమ్మా, బాత్రూం కట్టించేదానికి నేనెవుర్ని, షీటు మోయగలను కాబట్టి మోస్తాండా అన్నాడు. ఆ తర్వాత, అరిచింది చాల్లే, టైం పోతాంది పైకి పో అన్నాడు.

పోయినా. కళ్ళల్లో నీళ్ళకి బాల్స్ రెండ్రెండు కనపడినాయి. ఐనా ఒకటి పడింది.

సంతకాలు నేనే పెట్టించుకుంటా అని తేల్చి చెప్పినా. జనాన్ని మాత్రం ఆయనకి వదిలేసినా. అది వదలమంటే ఒప్పుకోలేదు.

30 డిసెంబర్, మంగళవారం

ప్రమీలమ్మ ఒక సంగతి కనిపెట్టింది. నేను మొదట్లో కొట్టేవి సగం తప్పుతాయంట. మొదటి హారన్ మోగినాక కొట్టేవి తప్పవంట. అప్పుడు నీకు ఆలోచించే తీరిక ఉండదు, చూస్తావు, వంగుతావు, కొడతావు అనింది. నేను నవ్వేసినా. ఐతే టోర్నమెంట్‌కి అన్నని బండితో సహా పైకి తెచ్చుకుంటాలే అన్నా.

11 జనవరి 2026, ఆదివారం

పండగ స్పెషల్ బస్సులు, అన్నీ తిరుపతి వైపే. కుప్పం లేదు, స్టిక్ లేదు. ఇంట్లో సీసా ఉండాది. ప్లాస్టిక్‌ది.

20 జనవరి, మంగళవారం

ఎవురితో ఎవురు ఆడాలో చీటీలు తీసినారు. నా మొదటి మ్యాచ్ ధనుష్‌తో. ఇంకెవురూ దొరకలేదా సామీ నాకు!

వాడు నన్ను చూసి నవ్వినాడు. ఆంటీ ఈజీ డ్రా అని పక్కనోడితో అన్నాడు. మంచి పిల్లోడే కావచ్చు, వాళ్ళమ్మకి. బోర్డు మీద ప్రమీలమ్మ అందరి పేర్లూ రాసింది. నా పేరు దగ్గర ఎవుడో కండక్టర్ అని దిద్దినాడు. ఆమె తుడిచి మళ్ళీ కృష్ణవేణి అని రాసింది, ఈసారి పెద్దగా.

25 జనవరి, ఆదివారం

ఓడిపోతే మళ్ళీ ఆ బాత్రూంకి ఏ మొహంతో పోవాల? పోకుండా ఎట్లా ఉండాల?

26 జనవరి, సోమవారం, సాయంత్రం

వరసగా రాసుకోవాల.

ఈ పొద్దు నాకూ అన్నకీ ఆఫ్. జగదీష్ మగ్గం ఆపినాడు. శ్రుతి జెండా పండగ మిఠాయి నములుకుంటానే బండెక్కింది. పుంగనూరులో అన్న, చౌడమ్మ ఎక్కినారు. అన్న ప్యాసింజరు సీటులో కూర్చోని, మలుపు మలుపుకీ కాలితో లేని బ్రేకు తొక్కుతానే ఉన్నాడు.

పార్లర్ నిండా పిల్లోళ్ళు. అన్న మెట్లు చూసి, నేను ఎక్కలేను తల్లీ, కిందనే ఉంటా అని జిరాక్సు షాపులో కుర్చీ వేసుకున్నాడు. వార్తలు మోసేది శ్రుతి.

మూడు గేముల్లో రెండు గెలవాల; తన బాల్స్ అన్నీ వేసి ఆఖరున నల్లది వేసినోళ్ళదే గేమ్. మొదటి గేమ్ నన్ను చీల్చి చెండాడినాడు ధనుష్. కారణం వాడు కాదు, టైము. ఎంత కావాలంటే అంత టైము! నాకు అలవాటే లేదు. టేబుల్ చుట్టూ తిరిగినా, స్టిక్ కొనకి చాక్ రుద్దినా, ఈ పక్క నుంచి చూసినా, ఆ పక్క నుంచి చూసినా, మళ్ళీ చాక్ రుద్దినా. చూసేకొద్దీ పాకెట్లు చిన్నవైపోయినాయి. వెనక ఎవుడో ఆవులించినాడు.

రెండోది నాకు వచ్చింది, కానీ నా గొప్ప కాదు. వాడు చివరి నల్ల బాల్ కొట్టి, వైట్ బాల్ కూడా లోపలికి పంపినాడు. అట్లా చేస్తే గేమ్ పోయినట్టే. జగదీష్ విజిలేసినాడు. నాకే సిగ్గేసింది.

మూడోది. వాడికి నల్ల బాల్ ఒక్కటే మిగిలింది. నల్లది టేబుల్ అంచుకి అతుక్కోని ఉండాది కాబట్టి ఒకసారి తప్పినాడు. నాకు మూడు బాల్స్, ఆ తర్వాత నల్లది. నా వంతు. ఇప్పుడు తప్పితే వాడు మళ్ళీ తప్పడు. నేను మళ్ళీ చుట్టూ తిరగడం మొదలుపెట్టినా. బాత్రూం ఆంటీ, బాత్రూం ఆంటీ అని తలకాయలో ఒకటే మోత. వంగినా, లేసినా. మళ్ళీ వంగినా, మళ్ళీ లేసినా.

అప్పుడు మోగింది. పొడుగ్గా. చివర్లో చిన్న తోక.

నా చెయ్యి భుజం మీదికి పోయింది, టికెట్ల బ్యాగు ఉండాదా అని. బ్యాగు లేదు. ఒక అడుగు మెట్ల వైపు కూడా వేసేసినా! జనం నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వంగానే తలకాయలో ఆ మోత ఆగిపోయింది.

ఇంక చుట్టూ తిరగలేదు. చూసినా, వంగినా, కొట్టినా. పడింది. ఇంకోటి. పడింది. మూడోది కొట్టి వైట్ బాల్‌ని నల్లదానికి ఎదురుగా ఆపినా. ఆగవే అని నవంబరు నుంచి బతిమాలుతాండే బాల్, ఈ పొద్దు నేను అడక్కుండానే ఆగింది.

నల్లది ఒక్కటే. ఒక చెవి కింద రోడ్డు వైపు పెట్టి వంగినా. రెండో హారన్ వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నా. రాలేదు. కొట్టినా.

పడింది. గెలిచినా. నేను గెలిచినా!

ప్రమీలమ్మ కౌంటర్ దాటి వచ్చి నన్ను పట్టుకుంది. ధనుష్ చెయ్యి ఇచ్చినాడు. నడిమధ్యలో ఏమైంది కృష్ణవేణక్కా, ఒక్కసారిగా మారిపోయినావు అని అడిగినాడు. బండి కదల్తాంది అప్పా అన్నా. వాడికి అర్థం కాలేదు. పేరు మాత్రం సరిగ్గా పలికినాడు.

తర్వాత మ్యాచ్ వి.కోట ఆయన చేతిలో చిత్తుగా ఓడిపోయినా. హాయిగా ఓడిపోయినా.

కింద జరిగింది శ్రుతి చెప్పింది. అమ్మ ఒక్కో బాల్‌కి గంటసేపు తిరుగుతాంది తాతా అని ఇది పోయి చెప్తే, అన్న తొడ మీద కొట్టుకున్నాడంట. దానికి అంత టైం ఎవురిచ్చినారు, పాపం తట్టుకోలేదు అన్నాడంట. కుంటుకుంటా రోడ్డు దాటి స్టాండులోకి పోయినాడు. మా రూటు తర్వాతి బండి ఆడ ఉండాది, డ్రైవరు దాసప్ప. నన్ను ఒక్క నిమిషం కూర్చోనీ అని ఆయన్ని దింపి, సీటెక్కి మొదటిది నొక్కినాడు. నొక్కి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. టైం అయిపోయింది, రెండోది కొట్టు, దిగు అని దాసప్ప తిడతానే ఉన్నాడంట. పైన మా కండక్టరమ్మ ఆడతాండాది, రెండోది కొడితే ఆ యమ్మ పరిగెత్తుకొస్తుంది, నేను కొట్టను అన్నాడంట. జనం కూడా కిటికీల్లోంచి పైకి చూస్తా కూర్చున్నారంట. పార్లర్ కిటికీలో నుంచి శ్రుతి చేతులు ఊపినాకే దిగినాడు.

ఆ బండి లేటుగా పోయింది. అందులో కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ నేను రుణపడి ఉండా.

27 జనవరి, మంగళవారం

కొత్త డ్యూటీ చార్ట్ వేసినారు. ఫిబ్రవరి నుంచి నాకు హార్స్లీ హిల్స్ బండి. కుప్పం లేదు. ఏడుపొస్తుందనుకున్నా, రాలేదు. ప్రమీలమ్మకి ఫోన్ చేస్తే, ఆఫ్ రోజు ఎందుకు ఉండాది, బాత్రూం తాళం నీ పేరుతోనే మేకుకి తగిలించి పెడతా అనింది. కొత్త కండక్టరు కూడా ఆడమనిషే అని చెప్పినా. ఆమెకీ ఇస్తాలే అనింది.

31 జనవరి, శనివారం, కుప్పం

అన్న ఆఖరి ట్రిప్పు. బండికి బంతిపూల దండలు కట్టినారు. సంతకం నేను పెట్టించినా, బోర్డు నేను తిప్పినా, మూటలు నేను సర్దినా. అన్న సంగటి తిన్నాడు. మాతో బండిలో వచ్చిన జగదీష్ ఒక రెక్క, ప్రమీలమ్మ ఒక రెక్క పట్టుకోని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఆయన్ని పార్లర్‌కి తీసుకుపోయినారు. బండి కిటికీలోంచి పైకి చూసినా. స్టిక్‌ని స్టీరింగ్ మాదిరి రెండు చేతులా పట్టుకోని ఉండాడు.

ఇది రాస్తాండేది డ్రైవరు సీటులో కూర్చోని. మొదటి హారన్ కొట్టినా. ఎప్పుడు కదల్తాదమ్మా అని అడుగుతాండారు.

రెండోది నేను కొట్టను.